మోటారుకారు పుట్టుపూర్వోత్తరములు

(సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



నిన్నటినుండి ఈ వేదికపై విద్యాభివృద్ధిని గూర్చియు, వసతిగృహ నిధిని గూర్చియు, వ్యవసాయపు చిక్కులను గూర్చియు పెద్దలు విలువైన ప్రసంగములు గావించిరి. వారి తరువాత లేచి నేను పాత మోటారుకార్లను గూర్చి మాటలాడుట కొందఱకు వింతగా తోచవచ్చును. కాని నా విషయము వట్టి వినోదము కాదు. ఒక వస్తువును మనము ఏదని చెప్పుకొనుచున్నామో, అది నిజముగా అదియేనా యని నిర్ణయించుట యెట్లు? ఇది న్యాయస్థానముల కెక్కిన ప్రశ్న. ఈ ప్రశ్నకు వచ్చిన జవాబును బట్టి పెద్ద పెద్ద సొమ్ములు చేతులు మాఱినవి. మన యిండ్లలో అటకలపై మూలబడియున్న కాగితములకు విలువ యెంతయో తెలుపునదియు ఈ ప్రశ్నయే. కావున కొంచెముసేపు ఓపికతో ఆలకింప వేడుచున్నాను.

మొదట ఒక సంగతి మనవి చేసెదను. ఈ కాలమున కారు కొనుట యనగా అంగడిలో సిద్ధముగా నున్న నిండు బండిని కొనుటయే. 1914లో ఆరంభమైన మహాయుద్ధమునకు ముందును, ఆ యుద్ధము ముగిసిన తరువాత ఇరువది సంవత్సరములును గొప్పవారి కార్ల సంగతి అట్లు కాదు. ఆ దినములలో రోల్స్ రాయిస్, బెంట్లీ వంటి కంపెనీలు చేసి యమ్మినది ఛాసీ మాత్రమే. ఛాసీ యనగా ఉక్కుచట్రము, దానిపై బిగించిన ఇంజను, గేరుపెట్టె, ఇరుసులు, స్ప్రింగులు, చక్రములు, స్టీరింగు, ముందువైపు రేడియేటరు. ఇంతే. కూర్చుండ పీట లేదు, తలుపు లేదు, కప్పు లేదు. కొన్నవారు ఆ ఛాసీని బార్కరు, హూపరు, ములినరు, థ్రప్ అండ్ మేబర్లీ, గర్నీ నటింగు మొదలైన బాడీలు కట్టు సంస్థలలో నొకదానికి పంపి, తమ యభిరుచి ననుసరించి పైభాగమును కట్టించుకొనెడివారు. బార్కరు, హూపరు వంటివారు మోటారు పుట్టకమునుపు తరతరములుగా గుఱ్ఱపు కోచిబండ్లు కట్టినవారే. మన పల్లెలలో బండిచక్రమునకు ఇనుపకట్టు కమ్మరి వేయగా కఱ్ఱపని వడ్రంగి చేసినట్లు, అక్కడ ఛాసీ యొకరిది, బాడీ యొకరిది.

దీనివలన కలిగిన ఫలితమేమనగా, ఒక్క కారునకు పుట్టినచోటులు రెండు, పుట్టినతేదీలు రెండు. ఛాసీకి ఒక సంఖ్య, ఇంజనుకు ఒక సంఖ్య, బాడీకి కట్టినవారి లెక్కలో మఱియొక సంఖ్య. రోడ్డుపైకి వచ్చిన పిమ్మట ప్రభుత్వమువారిచ్చు రిజిస్ట్రేషను సంఖ్య నాల్గవది. ఇంజను పాడైనచో వేఱొకటి వేయవచ్చును. బాడీ పాతబడినచో విప్పి క్రొత్తది కట్టింపవచ్చును. ఒక కారు బాడీని తెచ్చి మఱియొక ఛాసీపై నెక్కింపవచ్చును. సంఖ్య చెక్కిన పలక సైతము మరలతో బిగించిన వస్తువే గదా! ఇట్లు ఎనుబది తొంబది యేండ్లు గడచిన తరువాత “ఇది ఏ కారు?” అని యడిగినచో, నాలుగు సంఖ్యలు నాలుగు తీరుల సాక్ష్యము చెప్పుట అరుదు కాదు.

పాత కారును గుర్తించుటలో చిక్కులు మూడు తెఱగులు. పేరువలన వచ్చునది యొకటి, కథవలన వచ్చునది రెండవది, భాగముల మార్పువలన వచ్చునది మూడవది. ఒక్కొక్కదానికి లోకప్రసిద్ధమైన కారు నొకదానిని ఉదాహరణముగా చూపెదను.

పేరు తెచ్చిన చిక్కును ముందుగా చూతము. 1904వ సంవత్సరము మే నెల 4వ తేదీని మాంచెస్టరు నగరమున హెన్రీ రాయిస్, చార్లెస్ రోల్స్ అను నిరువురు తొలిసారి కలిసికొనిరి. 1906లో వారి కంపెనీ యేర్పడెను. ఆ సంవత్సరము చివరనే 40/50 అశ్వశక్తి యని పిలువబడు క్రొత్త ఛాసీని వారు లండనులో ప్రదర్శించిరి. 1907లో ఆ జాతి ఛాసీలలో 60551 సంఖ్య గలదానిపై బార్కరువారు బాడీ కట్టిరి. కంపెనీ వ్యవహారములు నడపుచుండిన క్లాడ్ జాన్సను దానికి అల్యూమినియం రంగు వేయించి, పైసామానునకు వెండిపూత పెట్టించి, “సిల్వర్ గోస్ట్” అని నామకరణము చేసెను. వెండివలె మెఱయుచు దయ్యమువలె చప్పుడు లేక పోవునది యని భావము. దాని రిజిస్ట్రేషను ఏ.ఎక్స్. 201. ఆ సంవత్సరమే అది రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారి పర్యవేక్షణమున 15,000 మైళ్ళ పరీక్షకు నిలిచి కీర్తి గడించెను.

అంతవఱకు సిల్వర్ గోస్ట్ అనగా ఒక్క కారు. కాని ఆ పేరు జనుల నోట నిలిచిపోయెను. 40/50 జాతి కార్ల నన్నిటిని ఆ పేరుతోనే పిలువసాగిరి. 1925లో ఫాంటమ్ అను క్రొత్త జాతి వెలువడినపుడు, పాతదానిని వేఱుపఱచి చెప్పుటకై కంపెనీవారును ఆ పేరునే స్వీకరించిరి. ఈ జాతి ఛాసీలు ఇంగ్లండులో 6,173, అమెరికాలో స్ప్రింగుఫీల్డు కర్మాగారమున 1,701, వెరసి 7,874 తయారైనవి. కావున నేడెవరైన “మా తాతగారికి సిల్వర్ గోస్ట్ ఉండెడిది” అన్నచో ఆ మాట నిజమే కావచ్చును. కాని అది 7,874లో నొకటి యని మాత్రమే దాని యర్థము. తొలి సిల్వర్ గోస్ట్ 1908లో అమ్ముడుపోయి, అనేక సంవత్సరములు సొంతకారుగా తిరిగి, 1948లో మరల కంపెనీ చేతికి వచ్చెను. వేలకొలది కార్లకు వ్యాపించిన పేరులోనుండి ఆ యొక్కదానిని వేఱుచేసి చూపునది 60551 అను సంఖ్యయే. పేరు పదిమందిదిగా మాఱవచ్చును; సంఖ్య యొక్కదానిదే.

ఇక్కడనే మఱి రెండు గుర్తులు చెప్పెదను. రోల్స్ రాయిస్ రేడియేటరు మూతపై ముందునకు వంగి, వస్త్రము రెక్కలవలె వెనుకకు ఎగయుచున్న స్త్రీవిగ్రహమును మీరు చూచియుందురు. దానిని శిల్పి చార్లెస్ సైక్స్ 1911లో రూపొందించెను. 1907 నాటి కారుపై ఆ విగ్రహమున్నచో, అది తరువాత చేరినదని యర్థము. అట్లే సిల్వర్ గోస్ట్ జాతికి 1923 చివరి వఱకు ముందుచక్రములకు బ్రేకులు లేవు. 1920 నాటిదని చెప్పు కారునకు ముందుబ్రేకులున్నచో, అవి పిమ్మట అమర్చినవైన కావలెను, లేదా కారు వయస్సు తప్పుగా చెప్పినదైన కావలెను. ఇట్టి చిన్న గుర్తులు పెద్ద పెద్ద మాటలకన్న నిక్కమైన సాక్షులు.

ఇక రెండవది కథ తెచ్చిన చిక్కు. ఇది మొదటిదానికన్న కఠినమైనది. ఏలనగా కథ చెవికింపుగా నుండును, సంఖ్య యుండదు.

రోల్స్ రాయిస్ రేడియేటరుపైనున్న రెండు ‘ఆర్’ అక్షరములు మొదట ఎఱ్ఱనివి, తరువాత నల్లనివి. 1933 ఏప్రిలులో రాయిస్ మరణింపగా, సంతాపసూచకముగా నలుపు వేసిరని దేశదేశముల చెప్పుకొందురు. వినుటకు హృద్యముగా నున్నది. కాని ఆ మార్పు రాయిస్ జీవించియుండగనే నిశ్చయింపబడినది. ఈ కథను నమ్మి, ఎఱ్ఱ యక్షరములున్నచో మరణమునకు ముందు కారనియు, నల్లవి యున్నచో తరువాతి దనియు తేదీలు కట్టినచో, లెక్క మొదటనే తప్పును.

దీనికన్న గొప్ప కథ యొకటి కలదు. బెంట్లీ కంపెనీకి ఆ కాలమున అధ్యక్షుడుగా నుండినవాడు వుల్ఫ్ బార్నటో. దక్షిణాఫ్రికా వజ్రపు గనులలో ధనమార్జించినవాని కుమారుడు; స్వయముగా మేటి పందెగాడు. ఫ్రాన్సు దక్షిణతీరముననున్న కాన్ పట్టణము మీదుగా ఉత్తరమున కలే రేవునకు “బ్లూ ట్రెయిన్” అను భోగపు రైలు నడచుచుండెను. ఆ రైలు కలే చేరులోపల తాను కారులో సముద్రము దాటి లండనులోని తన క్లబ్బు చేరెదనని బార్నటో పంతము పట్టెను. 1930 మార్చి 13వ తేదీ సాయంకాలము కాన్ నుండి బయలుదేరి, రాత్రంతయు నడపి, బులోన్ వద్ద ఓడ యెక్కి, 14వ తేదీ మధ్యాహ్నము లండను చేరెను. రైలు కలే చేరుటకు నాలుగు నిమిషములు ముందుగా నతడు గమ్యము చేరినట్లు ప్రసిద్ధి.

అతడు నడపినది ఆరున్నర లీటర్ల “స్పీడ్ సిక్స్” జాతి బెంట్లీ. ఇంతవఱకు వివాదము లేదు. కాని ఏ స్పీడ్ సిక్స్? బార్నటోకు ఆ జాతి కార్లు ఒకటికన్న నెక్కువ. వానిలో నొకటి గర్నీ నటింగువారు కట్టినది; కప్పు పల్లముగా వెనుకకు జాఱిన రెండుతలుపుల బండి; చూచినవారు చూపు త్రిప్పుకొనలేని యందము దానిది. రైలును జయించినది అదియేనని అనేక దశాబ్దములు లోకము నమ్మెను. టెరెన్స్ క్యూనియో అను ప్రసిద్ధ చిత్రకారుడు, పొగ గ్రక్కుచు పరుగెత్తు రైలు ప్రక్కను ఆ కారునే చిత్రించెను. చిత్రము చూచినవారికి ఇక సందేహమేల కలుగును?

పిమ్మట పరిశోధకులు కాగితములు తిరుగవేసిరి. ఆ యందమైన బాడీ పూర్తియైనది 1930 మే నెలలో నని తేలెను. పందెము జరిగినది మార్చిలో. పుట్టని బిడ్డ పెండ్లిలో వడ్డించినట్లున్నది గదా! నిజముగా ఆ రాత్రి పరుగెత్తినది హెచ్.జె. ములినరువారి బాడీ గల నాలుగుతలుపుల స్పీడ్ సిక్స్. అది యంతగా కన్నులకింపైనది కాదు. అందుచేత చిత్రమున కెక్కలేదు. చాలకాలము ఎవరి దృష్టికిని రాలేదు.

ఇక్కడ ఒక మాట జ్ఞాపకముంచుకొనవలెను. గర్నీ నటింగు కారు దొంగకారు కాదు. అది బార్నటోదే, నిజమైన బెంట్లీయే, దాని సంఖ్యలు సరియైనవే. అబద్ధమైనది కారు కాదు, కారునకు అతికించిన కథ. పరిశోధకుడు ఈ రెంటిని విడదీయ నేర్వవలెను. వస్తువు నిజమైనంతమాత్రమున దానిని గూర్చి చెప్పునదంతయు నిజము కాదు. చెప్పినది తప్పైనంతమాత్రమున వస్తువు పనికిమాలినది కాదు.

మన దేశమునకు వచ్చినచో, అల్వారు మహారాజు లండను అంగడిలో అవమానము పొంది, పట్టుదలతో రోల్స్ రాయిస్ కార్లు కొని తెచ్చి, వానితో వీధుల చెత్త యెత్తించెనను కథ మీరందఱు వినియుందురు. ఆ కథనే భరతపురము రాజునకును, పటియాలా రాజునకును, మన హైదరాబాదు నిజామునకును చెప్పుచుందురు. రాజుల పేర్లు మాఱుచుండగా కథ మాత్రము మాఱక యున్నది. అందులో ఒక్క ఛాసీ సంఖ్యయైన వినరాదు. పేరు మార్చినను చెడని కథ సాక్ష్యమునకు పనికిరాదని నా మనవి.

మూడవది భాగముల మార్పు తెచ్చిన చిక్కు. ఇదియే అన్నిటికన్న లోతైనది.

బెంట్లీ కంపెనీవారి స్పీడ్ సిక్స్ కార్లలో “ఓల్డ్ నంబర్ వన్” అను పందెపుకారు కలదు. ఫ్రాన్సు దేశమున లమాన్స్ అనుచోట ఇరువదినాలుగు గంటల మోటారు పందెము జరుగును. ఆ పందెమును 1929లో బార్నటో, బర్కిన్ అను నిరువురును, 1930లో బార్నటో, కిడ్‌స్టన్ అను నిరువురును ఈ కారుతో గెలిచిరి. 1931లో బెంట్లీ కంపెనీ ఋణభారముచే కూలి రోల్స్ రాయిస్ వశమయ్యెను. కారు మాత్రము పందెములు మానలేదు. దానికి ఎనిమిది లీటర్ల ఇంజను వేసిరి. 1932 సెప్టెంబరులో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ చుట్టుబాటపై జరిగిన 500 మైళ్ళ పందెమున అది గట్టు దాటి క్రిందపడగా, నడపుచున్న క్లైవ్ డన్‌ఫీ మృతినొందెను. తరువాత దానిని మరల నిర్మించి, పైకప్పు గల బాడీ కట్టి, రోడ్డుకారుగా చేసిరి.

ఏండ్లు గడచెను. కారు చేతులు మాఱెను. తుదకు ఒక యజమాని దానిని ఒక కంపెనీకి కోటి పౌనులకు అమ్మ నొడంబడెను. కొనదలచినవారు పిమ్మట “ఇది లమాన్స్ గెలిచిన కారు కాదు, దానిలో నాటి భాగములు లేవు” అని వెనుదీసిరి. వ్యవహారము ఇంగ్లండు హైకోర్టు కెక్కెను. 1990లో జస్టిస్ ఆటన్ తీర్పు చెప్పెను.

న్యాయమూర్తి ఒక్కొక్క భాగము వయస్సును పరిశీలించెను. 1929 నాటి కారులోనిది దాదాపు ఏమియు మిగులలేదని తేలెను. 1930లో గెలిచిన కారులోనివి పెడలు ఇరుసు, గేరుపెట్టె తొడుగు, స్టీరింగు స్తంభము వంటి కొన్ని మాత్రమే మిగిలెను. చట్రము, ముందుఇరుసు, ఎనిమిది లీటర్ల ఇంజను మొదలైనవి 1932 నాటివి. తక్కినవి ఇంకను తరువాతివి. ఇంతమాత్రముచేత ఇది వేఱుకారగునా?

ఇట్టి ప్రశ్న మన దేశమునకు క్రొత్త కాదు. మిలిందపన్హ యను పాళీ గ్రంథమున నాగసేనుడను భిక్షువు యవనరాజైన మిలిందుని “నీవు వచ్చిన రథ మెద్ది? ఇరుసా? చక్రములా? కాడియా?” అని యడుగును. ఏ యొక్క భాగమును రథము కాదు. భాగములకు వెలిగా వేఱొక రథమును లేదు. పూరీ జగన్నాథస్వామి రథములు ఏటేట క్రొత్త కఱ్ఱతో కట్టబడును. ఐనను నందిఘోష, తాళధ్వజ, దర్పదళన నామములు మాఱవు. పోయిన యేటి రథము వేఱు, ఈ యేటిది వేఱు అని యే భక్తుడును వాదింపడు. అక్కడ ఒకటిగా నిలుపునది కఱ్ఱ కాదు, తెగని సంప్రదాయము.

జస్టిస్ ఆటన్ నిర్ణయమును ఇంచుమించుగా ఈ త్రోవనే నడచెను. ఈ కారును “మొదటి స్థితిలో నున్నది” అనరాదు. అట్లని “నకలు” అనియు అనరాదు. పందెములకు సిద్ధపఱచుటలో, దెబ్బతిన్నపుడు బాగుచేయుటలో, అది మెట్టుమెట్టుగా మాఱెను. ఏ దశయందును కారు విప్పి వేయబడి మాయమై, మఱియొకచోట క్రొత్తగా పుట్టలేదు. దాని చరిత్రలో తెగుదల లేదు. కావున అది ప్రామాణికమైన ఓల్డ్ నంబర్ వన్ యే యని న్యాయమూర్తి తేల్చెను. ఒడంబడిక నిలిచెను, అమ్మినవాడు గెలిచెను.

ఈ తీర్పును ఒప్పుకొననివారు కలరు. ఇనుము మాఱిన తరువాత కీర్తి యెక్కడ నిలుచునని వారి ప్రశ్న. నా మట్టుకు నేను తీర్పులోని ఒక యంశమును ముఖ్యమైనదిగా ఎంచుచున్నాను. ఆ కారు గెలిచినది గొప్ప పేరు వలన కాదు. ఎప్పుడు ఏ భాగము తీసిరి, ఎవరు వేసిరి, ఏ యేట ఏ పందెమున నడచెను, ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయెను అను వివరము ఏండ్లవెంబడి నిలిచియుండుట వలన గెలిచినది. మార్పులను దాచినవాడు ఓడియుండును. మార్పులు వ్రాతలో నుండుటయే దానికి రక్ష యయ్యెను.

ఇక మన దేశపు చట్టమేమనుచున్నదో చూడుడు. 2021లో కేంద్ర మోటారు వాహనముల నియమములను సవరించి, పాతకార్లకు ప్రత్యేకమైన రిజిస్ట్రేషను ఏర్పఱచిరి. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 సంవత్సరములు దాటినదియు, చట్రము, బాడీ, ఇంజనులలో గొప్ప మార్పు పొందక మొదటి రూపున నున్నదియు ఇందులకు అర్హము. సంఖ్యలో ‘వి.ఏ.’ అను అక్షరము లుండును. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు, పిమ్మట 5,000 రూపాయలతో పునరుద్ధరణము. ఇదివఱకే దేశమున రిజిస్టరైన కారునకు పాత రిజిస్ట్రేషను పత్రమును, దిగుమతి చేసికొన్నదానికి సుంకపు పత్రమును చూపవలెను. గమనించితిరా? ఇంగ్లండు న్యాయమూర్తి చరిత్ర తెగలేదా యని చూచెను; మన నియమము రూపు మాఱలేదా యని చూచును. కొలతలు రెండును వేఱు. కాని రెండింటికిని కాగితము కావలెను.

మన తెలుగునాటనే యున్న యొక నిదర్శనము చెప్పెదను. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారొకటి కలదు. వెనుక ఎత్తైన సింహాసనమువంటి ఆసనముండుటచే దానిని సింహాసనపు కారందురు. సిల్వర్ గోస్ట్ జాతి ఛాసీ, బాడీ బార్కరువారిది. “ఇది ఏ నిజాముది?” అని యడిగినచో కొందఱు ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానుది యందురు, కొందఱు ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖానుది యందురు. ఇరువురును సగము నిజమే చెప్పుచున్నారు. కారు కోరినది తండ్రి. అతడు 1911 ఆగస్టు 29వ తేదీని స్వర్గస్థుడయ్యెను. కారు చేరినది కుమారుని కాలమున. ఆర్డరు తేదీ యొకటి, చేరిన తేదీ యొకటి, నడుమ ఒక మరణపు తేదీ. ఈ మూడు తేదీలను వరుసగా పెట్టినచో తగవు తానే తీఱును. పెట్టనిచో ఇరువర్గములవారును తరతరములు వాదించుకొనుచుందురు.

మహాశయులారా! ఇదంతయు రాజుల సంగతి, మనకేల యని యనుకొనవలదు. పాత జమీందారీ దివాణములలోను, ఒకప్పటి ప్లీడర్ల, డాక్టర్ల, మిల్లు యజమానుల షెడ్లలోను పాత ఫోర్డులు, ఆస్టినులు, మోరిసులు, షెవర్లేలు ఇంకను కొన్ని మిగిలియున్నవి. వానిని బాగుచేయించు ఉత్సాహము గల యువకులు నేడు కలరు. వారికిని, అట్టి కారు ఇంట నున్న పెద్దలకును నేను విన్నవించునది యిది.

ఒకటి: మేస్త్రీకి అప్పగించుటకు ముందే ఛాసీ సంఖ్యను, ఇంజను సంఖ్యను, తలుపు గడపపై బాడీ కట్టినవారి పలక యున్నచో దానిని, ఫోటో తీసి వ్రాసి పెట్టుడు. రంగు గీకి, ఇసుకతో రుద్దిన తరువాత చెఱిగిన సంఖ్య మరల రాదు. పలకపై సంఖ్య మాత్రమే కాదు, ఉక్కుపై కొట్టిన సంఖ్య వెదకుడు. రెండును ఒకటేనా యని చూడుడు.

రెండు: పాత ఆర్.సి. పుస్తకము, పన్ను రసీదు, ఇన్‌స్యూరెన్సు కాగితము, పెట్రోలు చిట్టా, బాగుచేసిన బిల్లు, ఏదియు చిత్తుకాగితమని పాఱవేయకుడు. 1914 నాటి చట్టము క్రిందను, 1939 నాటి చట్టము క్రిందను పుట్టిన కాగితములు నేడు మరల పుట్టవు. పెండ్లి ఫోటోలో కారు కనబడినచో దాని నెంబరు పలకను భూతద్దముతో చూడుడు. పెండ్లి తేదీ శుభలేఖలో దొరకును. అట్లు ఒక ఫోటో తేదీ గల సాక్షి యగును.

మూడు: తయారుచేసినవారి పుస్తకములను అడుగుడు. రోల్స్ రాయిస్ ఛాసీల పుట్టుక వివరములు ఇంగ్లండులో ఆ కార్ల యభిమానుల సంఘమువారు భద్రపఱచి యున్నారు. సంఖ్య పంపినచో ఏ తేదీని ఏ సంస్థకు బాడీ కట్టుటకు పంపిరో, మొదట ఎవరికి చేరెనో తెలియు నవకాశము కలదు. కాని సంఖ్య లేక పేరు మాత్రము పంపినచో వారేమి చేయగలరు?

నాలుగు: ఇంటి పెద్దలు చెప్పు మాటను త్రోసిపుచ్చకుడు, అట్లని ముగింపుగాను స్వీకరింపకుడు. “తాత గవర్నరుగారివద్ద వేలములో కొనెను” అని నాయనమ్మ చెప్పినచో, ఆ మాటను ఆమె చెప్పినదిగానే, చెప్పిన తేదీతో వ్రాసియుంచుడు. అది వెదకుటకు త్రోవ. వెదకి కాగితము దొరకిననాడు అది చరిత్ర యగును. దొరకనినాడు ఇంటిమాటగానే గౌరవముతో నిలుచును. రెంటిని కలిపి వ్రాసినచో రెండును చెడును.

ఐదు, అన్నిటికన్న ముఖ్యమైనది: మార్చినదానిని దాచకుడు. ఇంజను మార్చితిరా, మార్చితిమని వ్రాయుడు. తలుపులు క్రొత్తగా చేయించితిరా, ఏ యేట ఏ ఊర చేయించితిరో వ్రాయుడు. తీసిన పాతభాగమును తూకమునకు అమ్మక కారుతోనే ఉంచుడు. దాపరికము లేని మార్పు కారు జీవితములో నొక యధ్యాయము. దాచిన మార్పు నకలునకు మొదటి మెట్టు. రేపు ఒక కొనుగోలుదారుడు వచ్చి యడిగినపుడు మీ కుమారుడో, మనుమడో తలవంచుకొనవలసిన పని లేకుండ చేయునది ఈ వ్రాతయే.

పాతకారు కొనువాడు పాతయినుమునకు డబ్బు ఇయ్యడు. ఆ యినుము నడచిన దారికి ఇచ్చును. దారి చూపునది పేరు కాదు, మెఱుగు కాదు, మన గొప్పలు కావు. చేయి మాఱినపుడెల్ల ఎవరో యొకరు శ్రద్ధతో వ్రాసిన నాలుగు పంక్తులు. అట్టి పంక్తులు వ్రాయుటకు ధనము అక్కఱలేదు, గొప్ప చదువు నక్కఱలేదు. ఒక నోటుపుస్తకమును, నిజము చెప్పు నలవాటును చాలును.